ఒక్క టికెట్ చాలండీ

మన క్యాంపస్‌లో ఎవరైనా "ఈ ఆదివారం సాలార్‌జంగ్‌కి వెళ్తున్నా" అన్నారనుకోండి. వెంటనే వచ్చే ప్రశ్న "అక్కడ ఏముంది?" కాదు. "ఎవరితో పోతున్నవ్?" అని. ఎవరితోనూ కాదు, నేనొక్కడినే అంటే ఇక చూడాలి అవతలివాళ్ళ మొహం. "ఏమైంది రా, అంతా ఓకేనా?" అని ఒకడు. "ఒక్కడివే ఏం జేస్తవ్ రా అక్కడ?" అని ఇంకొకడు. మూడోవాడు ఏమీ అనడు, రాత్రికి గ్రూపులో ఒక మీమ్ పెడతాడు.

నిజానికి మనం రోజులో సగం పనులు ఒంటరిగానే చేస్తాం. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సిరీస్ చూసేది ఒంటరిగానే. మెస్‌లో నలుగురి మధ్య కూర్చుని కూడా ఫోన్ చూస్తూ తినేది ఒంటరిగానే. గేట్ ప్రిపరేషన్, రాత్రి రెండింటిదాకా రీల్స్, ప్లేస్‌మెంట్ టెన్షన్... అన్నీ ఎవరివి వారివే. వాటిని చూసి ఎవరూ జాలిపడరు. ఒక మనిషి తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ వెళ్ళి, ఒక బొమ్మ ముందు నిలబడితేనో, ఒక కచేరీలో కూర్చుంటేనో మాత్రం "పాపం, ఒక్కడే వచ్చాడు" అనిపిస్తుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. ఇంజనీరింగ్ చదివే ఈ నాలుగేళ్ళలో, నెలకి కనీసం ఒక్క రోజు, మనం ఒంటరిగా ఈ ఊళ్ళో ఉన్న కళ దగ్గరికి వెళ్ళాలి. మనకి ఏది ఇష్టమో మనకి తెలియాలంటే నాకు ఇంతకన్నా చవకైన దారి కనిపించడం లేదు.

మన ఇష్టం ఎవరు ఎంచుతున్నారు?

కాస్త లెక్క వేసుకుందాం. మన బ్రాంచ్ ర్యాంకు ఎంచింది. కాలేజీ కౌన్సెలింగ్ ఎంచింది. ర్యాంకు సరిపోయిన చోట ఇంట్లోవాళ్ళు ఎంచారు. ఎలెక్టివ్ సబ్జెక్టు సీనియర్లు "అందులో మార్కులు బాగా పడతయ్" అన్నదాన్ని బట్టి ఎంచుకున్నాం. శనివారం ఏ సినిమాకి వెళ్ళాలో వాట్సాప్ పోల్ ఎంచుతుంది. రాత్రి ఏ పాట వినాలో యాప్ ఎంచుతుంది. ఇరవై ఏళ్ళు వచ్చాయి, ఓటు హక్కు కూడా వచ్చింది. "నీకేం నచ్చుతుంది?" అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం "మ్యూజిక్, ట్రావెలింగ్" అని అందరూ రాసేదే మనమూ రాస్తాం.

ఐదుగురం కలిసి మ్యూజియంకి వెళ్తే ఏమవుతుందో చూడండి. ఒకడికి ఆకలేస్తుంది. ఒకడికి ఫొటోలు కావాలి. ఒకడు మ్యాచ్ స్కోరు చూసుకుంటూ ఉంటాడు. ఇంకొకరికి నిజంగానే ఒక పాత కత్తి దగ్గరో, ఒక చైనా పింగాణీ గిన్నె దగ్గరో ఆగాలనిపిస్తుంది. కానీ నలుగురూ ముందుకెళ్ళిపోయారు కదా, తనూ పరుగెత్తాలి. చివరికి అందరూ చూసినవి రెండే: గంట కొట్టే గడియారం, ముసుగు రెబెక్కా. ముప్పైకి పైగా గ్యాలరీలున్న చోట!

ఈసీఈ వాళ్ళకి చెప్పాలంటే, గుంపు ఒక లో-పాస్ ఫిల్టర్ లాంటిది. ఒక్కొక్కరి ఇష్టంలో ఉండే ఎత్తుపల్లాలన్నీ చదునైపోయి, అందరికీ ఓ మాదిరిగా నచ్చేది మాత్రమే బయటికొస్తుంది. అది తప్పని కాదు. బిర్యానీకి వెళ్ళేటప్పుడు అదే మంచిది కూడా. కానీ మన కన్ను ఎక్కడ ఆగుతుందో మనకి తెలియాలంటే ఒకసారైనా ఆ ఫిల్టర్ తీసేసి చూడాలి.

1992లో జూలియా కామెరాన్ అనే అమెరికన్ రచయిత్రి 'ది ఆర్టిస్ట్స్ వే' అనే పుస్తకంలో దీనికి ఒక పేరు పెట్టింది: ఆర్టిస్ట్ డేట్. వారానికొకసారి, ఓ రెండు గంటలు, నీకు కుతూహలం కలిగించే చోటికి నువ్వొక్కడివే వెళ్ళు అంటుంది. ఒంటరిగా వెళ్ళాలి అన్న షరతు దగ్గరే చాలామంది వెనకాడతారట. ఆవిడ అది రచయితల కోసం, కళాకారుల కోసం చెప్పింది. ల్యాబ్ రికార్డులు రాసుకునే మనకి ఆ అవసరం ఇంకా ఎక్కువ అని నా ఉద్దేశం.

ముందు మన గుమ్మం దగ్గర

నా గది మౌలాలిలో. క్లాసులు క్యాంపస్‌లో. టిఫిన్ తార్నాకలో. మనలో చాలామందిది ఇదే త్రికోణం. మౌలాలి అంటే రైల్వే వాళ్ళ ఊరు అనుకుంటాం: లోకో షెడ్డు, క్వార్టర్లు, ఎంఎంటీఎస్ స్టేషను, లాలాపేట మీదుగా తార్నాకకి పోయే ఆటోలు. కానీ ఊరి పేరు మాత్రం ఆ నున్నటి రాతి గుట్టది. గుట్ట మీద హజ్రత్ అలీ పేరున కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన దర్గా ఉంది. గోల్కొండ దర్బారులో పనిచేసే యాకూత్ అనే ఆయన జబ్బుపడి, కలలో అలీని చూసి, మేలుకున్నాక ఈ రాతి మీద చేతి గుర్తు కనుక్కున్నాడని కథ చెప్తారు. నమ్మకాల సంగతి ఎవరి ఇష్టం వాళ్ళది. కింది నుంచి పైదాకా వందల మెట్లు. పైన నిలబడితే రైలు పట్టాలు, ఎదురుగా కదమ్-ఎ-రసూల్ గుట్ట, ఊరంతా కనిపిస్తుంది.

గుట్ట కింద ఇంకొకటి ఉంది. మహ లఖా బాయి చందా సమాధి. 1768లో పుట్టి 1824లో పోయిన ఈవిడ ఉర్దూ కవయిత్రి, గాయని, నర్తకి. ఉర్దూలో సొంత దివాన్, అంటే పూర్తి కవితా సంపుటి, ఉన్న తొలి మహిళల్లో ఒకరు. రెండో నిజాం వెంట యుద్ధ యాత్రలకి కూడా వెళ్ళింది. తల్లి రాజ్ కున్వర్ బాయి చనిపోతే 1792లో గుట్ట కింద ఈ సమాధి కట్టించింది. చివరికి తనూ ఆ తల్లి పక్కనే నిద్రపోయింది. 1799లో తన కవితల ప్రతి ఒకటి ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ మాల్కంకి బహూకరించింది. అది ఇప్పుడు లండన్‌లో ఉంది. అన్నిటికంటే మనకి సంబంధించిన సంగతి: నిజాం ఆవిడకి జాగీరుగా ఇచ్చిన భూముల్లో అడిక్‌మెట్ ఒకటి. ఈరోజు మన యూనివర్సిటీ ఉన్నది అక్కడే.

ఒకసారి ఆలోచించండి. పొద్దున ఆవిడ జాగీరులో క్లాసులకి వెళ్ళి, సాయంత్రం ఆవిడ సమాధి పక్కగా గదికి వస్తున్నాం. ఆవిడ పేరు మన క్లాసులో ఎంతమందికి తెలుసు? ఇక్కడ ఆవిడ గురించి రాస్తున్నది పాఠం చెప్పాలని కాదు. కళ, సంస్కృతి అంటే ఎక్కడో బంజారాహిల్స్ గ్యాలరీల్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ మధ్య ఉంటుందని, అక్కడికి తగ్గ బట్టలు మన దగ్గర లేవని అనుకుంటాం. మౌలాలి గుట్ట దగ్గరికి వెళ్ళడానికి చెప్పులు చాలు.

ఆర్ట్స్ కాలేజీ సంగతీ అంతే. దాని ముందు ఫొటో లేని ఉస్మానియా స్టూడెంట్ ఉండడు. కానీ ఫొటోలో మనం బిల్డింగ్‌కి వీపు చూపిస్తాం. 1939 డిసెంబర్ 4న ప్రారంభమైన ఆ భవనం కోసం నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాల యూనివర్సిటీ భవనాలు చూసి రమ్మని పంపారు. డిజైన్ బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ది. గులాబీ రంగు గ్రానైట్. పైకి ఇస్లామిక్ కమాను కనిపిస్తుంది. లోపలికి వెళ్ళి స్తంభాలు చూస్తే అజంతా, ఎల్లోరాలు గుర్తొస్తాయి. ఆదివారం పొద్దున ఏడింటికి, వాకింగ్ వాళ్ళు తప్ప ఎవరూ లేనప్పుడు ఒక్కరే వెళ్ళి, ఎదురుగా ఓ అరగంట కూర్చోండి. ఎండ ఎక్కేకొద్దీ రాయి రంగు మారుతూ ఉంటుంది. సివిల్ వాళ్ళకైతే ఇది సిలబస్‌లో లేని ల్యాబ్.

పరేడ్ గ్రౌండ్‌లో మారితే చాలు

ఇక క్యాంపస్ దాటుదాం. తార్నాకలో మెట్రో ఎక్కండి. మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, తర్వాత పరేడ్ గ్రౌండ్. అక్కడ దిగి గ్రీన్ లైన్‌లోకి మారండి. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఈ లైను చూడ్డానికి పొట్టిదే, కానీ ఈ ఊరి తెలుగు సంస్కృతికి దీనికంటే దగ్గరి దారి లేదు. చిక్కడపల్లిలో దిగితే త్యాగరాయ గానసభ, సిటీ సెంట్రల్ లైబ్రరీ. సుల్తాన్ బజార్‌లో దిగితే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. చివరి స్టేషను ఎంజీబీఎస్‌లో దిగితే నడిచి వెళ్ళే దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం. ఒక్క లైను మీద ఒక రోజంతా సరిపోతుంది.

భాషా నిలయం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే మనది తెలుగు సాహితీ క్లబ్బు. 1901 సెప్టెంబర్ 1న, ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాద్‌లో, తెలుగు పుస్తకాలు చదువుకోవడానికి ఒక చోటు కావాలని కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివాళ్ళు పూనుకుని పెట్టిన గ్రంథాలయం అది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని ఈ పత్రికకి రాసుకుంటున్న మనకి, ఆ కాలంలో తెలుగు కోసం ఒక గది వెతుక్కున్నవాళ్ళు పూర్వీకులు. ఆ బీరువాల మధ్య ఒక్కరే కూర్చుని చేతికి దొరికిన పుస్తకం తెరిచి చూడటం ఎలా ఉంటుందో అనుభవించాల్సిందే. అదే ఆదివారం అయితే అక్కడికి దగ్గర్లోనే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. మన సీనియర్లు అమ్మేసిన డేటా స్ట్రక్చర్స్ పక్కనే ఎవరో పెద్దాయన ఇంటి నుంచి వచ్చిన తెలుగు నవల ఉంటుంది. గ్రూపుతో వెళ్తే అక్కడ అయిదు నిమిషాలు, ఒంటరిగా అయితే రెండు గంటలు.

సాలార్‌జంగ్ గురించి నాకు నచ్చే సంగతి ఒకటుంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912లో నిజాం దీవాన్ అయ్యాడు. అంటే ప్రధానమంత్రి అన్నమాట. 1914లో ఆ పదవి వదిలేశాడు. ఆ తర్వాత 1949లో పోయేదాకా, దాదాపు 35 ఏళ్ళు, ఆయన పనల్లా తనకి నచ్చినవి ఏరి తెచ్చుకోవడమే. పెళ్ళి చేసుకోలేదు. ఆయన పోయాక 1951 డిసెంబర్ 16న ఆయన ఇల్లు దీవాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు. మనం చూసేదాంట్లో ఎక్కువ భాగం ఒక మనిషి ఇష్టం. ఒక మనిషి "ఇది నాకు నచ్చింది" అని ఆగిన చోట్లన్నీ కలిపితే అంత పెద్ద మ్యూజియం అయింది. అలాంటి చోటుకి వెళ్ళి, అందరూ ఆగిన చోటే ఆగి వచ్చేస్తే ఎలా?

రెబెక్కాని చూడొద్దని నేననను. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. ముఖం, ముఖం మీద పల్చటి ముసుగు, రెండూ ఒకటే రాయి. అది తెలిసి కూడా కన్ను నమ్మదు. తప్పకుండా చూడండి. కానీ గంట కొట్టే గడియారం దగ్గర జనం గుమిగూడే టైముకి మిగతా గదులు ఖాళీ అవుతాయి. అప్పుడు వెళ్ళండి వాటిల్లోకి.

నేను ఆగిన చోటు చెప్తాను, మీరు అక్కడే ఆగాలని కాదు. బీదరీ వస్తువుల గది. నల్లటి హుక్కా బుడ్లు, వాటి మీద వెండి పూలతీగలు. ఆ నలుపు రంగు వేసింది కాదు. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. దాని మీద గీతలు చెక్కి వెండి పొదుగుతారు. బీదర్ కోట మట్టిని నవసాగరంతో కలిపిన నీళ్ళలో ఉంచి రుద్దితే జింకు నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో కరోజన్ చాప్టర్ బట్టీ పట్టి పరీక్ష రాసి మర్చిపోయాను. ఆ హుక్కా బుడ్డి ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాక, తుప్పుని కూడా ఇంత అందంగా వాడుకోవచ్చని ఎవరికి మొదట తట్టి ఉంటుందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ రోజు పక్కన ఎవరైనా ఉండుంటే నాకు ఆ ఇరవై నిమిషాలు దొరికేవి కావు. "ఏం చూస్తున్నవ్ రా, పా పోదాం" అనేవాళ్ళు. నేనూ వెళ్ళిపోయేవాణ్ణే.

"ఎవరి తాలూకు బాబూ?"

సాయంత్రానికి చిక్కడపల్లి. త్యాగరాయ గానసభలో దాదాపు రోజూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది. పాట, నాట్యం, నాటిక, పుస్తకావిష్కరణ, ఎవరికో సన్మానం... ఎక్కువ వాటికి టికెట్ ఉండదు. నేను మొదటిసారి ఒక్కడినే వెళ్ళినప్పుడు పక్క కుర్చీలో పెద్దాయన నన్ను కాసేపు చూసి అడిగారు.

"ఎవరి తాలూకు బాబూ?"

"ఎవరి తాలూకూ కాదండీ."

"మరి డాన్సు చేసే పాపలు..."

"నాకు తెలియదండీ. ఊరికే చూద్దామని వచ్చాను."

"ఊరికేనా!" అని ఆయన ఆశ్చర్యపోయి, వెనక్కి తిరిగి ఇంకో పెద్దాయనకి కూడా చెప్పారు, "ఈ అబ్బాయి ఊరికే వచ్చాడట" అని. తర్వాత నాట్యం మొదలయ్యాక మధ్యమధ్యలో నా వైపు వంగి, ఇప్పుడు కృష్ణుడొస్తాడు చూడు, ఇప్పుడు ఈ అమ్మాయి సత్యభామ అలక చూపిస్తుంది చూడు అని చెప్తూనే ఉన్నారు.

నవ్వొచ్చే సంగతే, కానీ ఆయన ఆశ్చర్యం గురించి తర్వాత చాలా ఆలోచించాను. ఆ హాల్లో ఉన్నవాళ్ళు రెండే రకాలు. కళాకారుల చుట్టాలు, రిటైరైన పెద్దవాళ్ళు. మన వయసువాడు, సంబంధం ఏమీ లేకుండా, ఊరికే వచ్చి కూర్చోవడం అక్కడ వింత. ఈ పెద్దవాళ్ళు ఇంకో పదేళ్ళు వస్తారు. ఆ తర్వాత ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? "మన కళల్ని కాపాడుకోవాలి" అని ప్రతి కాలేజీ ఫెస్ట్‌లో యాంకర్ మైకు పట్టుకుని అంటారు. కాపాడటం అంటే పెద్ద పనేం కాదేమో. ఎవరి తాలూకూ కానివాడు ఒకడు వెళ్ళి కూర్చోవడమే. అది గుంపుగా బస్సు మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళతో అవదు. గుంపు ఒకసారి వెళ్తుంది, ఫొటో దిగుతుంది, మళ్ళీ వెళ్ళదు. అలవాటుగా వెళ్ళేది ఒక్కడే.

మీరు అనబోయే మాటలు

ఈ డ్రాఫ్టు చదివి మా వాళ్ళు అన్న మాటలు ఇవి. మీరూ ఇవే అంటారు కాబట్టి చెప్పేస్తాను.

"మనకి అర్థం కాదు." రాగం పేరు తెలియకపోతే వినకూడదని రూలేం లేదు. ఏ చోట ఒళ్ళు జలదరించిందో మీకు తెలుస్తుంది కదా, అది చాలు. ఇక్కడ ఇంటర్నల్స్ లేవు, వైవా లేదు. అర్థం కాలేదు అని ధైర్యంగా అనుకోగలిగే చోటు మన జీవితాల్లో ఇంకొకటి చూపించండి.

"డబ్బులు." మెట్రో రానూపోనూ, మ్యూజియం టికెట్, మధ్యాహ్నం ఓ ప్లేటు ఇడ్లీ, రెండు చాయ్‌లు. అన్నీ కలిపినా మల్టీప్లెక్స్‌లో ఒక సినిమా, ఒక పాప్‌కార్న్ ఖర్చు అవదు.

"ప్లేస్‌మెంట్స్ పెట్టుకుని ఇదేం పని?" దీనివల్ల క్రియేటివిటీ పెరుగుతుంది, ఇంటర్వ్యూలో బాగా మాట్లాడతారు అని చెప్పి మిమ్మల్ని ఊరించొచ్చు. చెప్పను. మహ లఖా బాయి సమాధి చూశాను అని రెజ్యూమెలో రాసుకోలేరు. రాసుకోలేని పని ఒక్కటైనా నెలకోసారి చేయండి అనే నేను అడుగుతున్నది.

"సంతోషం పంచుకుంటేనే కదా?" ఇది మంచి ప్రశ్న. మన కళల్లో చాలా భాగం జనంతో చూడాల్సినవే. బతుకమ్మ ఒక్కరే ఆడరు. ఒగ్గుకథ ఒక్కడి కోసం చెప్పరు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన సురభి నాటకాల్లో ఘటోత్కచుడు పళ్ళేలు ఎగరేస్తుంటే పక్కవాడి చెయ్యి పట్టుకుని అరవాల్సిందే. వాటికి కలిసే వెళ్దాం. కానీ పంచుకోవాలంటే ముందు మన దగ్గర సొంతంది ఏదైనా ఉండాలి. అయిదుగురూ ఒకే రీల్ చూసి వచ్చి మెస్‌లో ఏం మాట్లాడుకుంటారు? అయిదుగురూ అయిదు చోట్లకి వెళ్ళి వస్తే, ఆ రాత్రి మెస్‌లో మాటలు వేరేగా ఉంటాయి.

ఇక మా క్లాసు అమ్మాయి ఒకామె అన్నది. "నువ్వు అబ్బాయివి కాబట్టి ఇంత తేలిగ్గా రాస్తున్నవ్. నీకు ఒంటరిగా తిరగడం సరదా. మాకు అది పర్మిషన్." దీనికి నా దగ్గర తెలివైన జవాబు లేదు. కచేరీ అయ్యేది రాత్రి ఎనిమిదిన్నరకి. చాలా లేడీస్ హాస్టళ్ళ గేటు ఆ లోపే పడుతుంది. ఔట్‌పాస్ ఫారంలో "కారణం" అనే గడిలో "నాట్యం చూడటానికి" అని రాస్తే వార్డెన్ నవ్వుతారు. "హ్యాకథాన్" అని రాస్తే సంతకం పెడతారు. పగటి సగం, అంటే లైబ్రరీ, మ్యూజియం, పుస్తకాల బజారు, ఎవరైనా వెళ్ళొచ్చే వేళే. కానీ సాయంత్రం సగం సంగతి మాత్రం మాటలతో తేలదు, కాలేజీలు మారాలి. కోడింగ్ పోటీకి ఇచ్చే ఔట్‌పాస్ కచేరీకీ ఇవ్వాలి. ఈ మాట అడగాల్సింది అమ్మాయిలు మాత్రమే కాదు. సాహితీ క్లబ్బు తరఫున మనందరం అడగాలి.

ఇంకో మాట, ఇది ఎవరూ అనలేదు, నేనే అంటున్నా. ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు అని అందరికీ తెలుసు. కానీ బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎవరైనా స్నేహితుడు నాలుగు రోజులుగా క్లాసుకి రాకుండా, ఎవరితో మాట్లాడకుండా గదిలోనే ఉంటే, వాడికి ఈ వ్యాసం చూపించి "ఒక్కడివే అట్ల తిరిగి రా" అనకండి. వాడికి కావాల్సింది ఏకాంతం కాదు. వాడితో మీరు వెళ్ళండి. గుట్ట దగ్గరికో, తార్నాక చాయ్ బండి దగ్గరికో.

ఎలా వెళ్ళాలి అంటే

పెద్ద ప్లాన్ వద్దు. ఒక రోజుకి రెండు చోట్లు చాలు, మూడు ఎక్కువ. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. మిగతా చోట్ల వేళలు బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. ఇంట్లోనో, రూమ్మేట్‌కో ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళడం అంటే ఎవరికీ తెలియకుండా వెళ్ళడం కాదు. మెట్రో గేటు దగ్గర క్యూఆర్ కోడ్ చూపించాక ఫోను జేబులో పెట్టేయండి. స్టోరీ పెడితే ఆ రోజంతా మూడొందల మందిని వెంటేసుకుని తిరిగినట్టే. ఫొటో తీయాలనిపిస్తే తీయండి, కానీ సాయంత్రం దాకా ఎవరికీ పంపకండి.

వెళ్ళిన చోట అన్నీ చూడాలని పెట్టుకోవద్దు. మొదట చకచకా ఒక చుట్టు తిరిగి రండి. తర్వాత ఏ ఒక్కటి మళ్ళీ గుర్తొస్తోందో దాని దగ్గరికి వెనక్కి వెళ్ళండి. అక్కడ పదిహేను నిమిషాలు ఉండండి. మొదటి అయిదు నిమిషాలు బోర్ కొడుతుంది. చేయి జేబులోకి, ఫోను దగ్గరికి పోతుంది. ఆరో నిమిషం నుంచి మొదట కనిపించనివి కనిపించడం మొదలవుతాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఓసిలోస్కోప్ మీద వేవ్‌ఫామ్ నిలకడగా కనపడాలన్నా కాస్త ఆగి ట్రిగ్గర్ సరిచేయాలి కదా.

మన క్లబ్బుకి కూడా నాదొక ప్రతిపాదన. ప్రతి నెలా ఈ పత్రికలో ఒక పేజీ వదలండి. ఆ నెల ఎవరైనా ఒంటరిగా ఒక చోటికి వెళ్ళి, ఆగిన ఒక్క వస్తువు గురించో, విన్న ఒక్క పాట గురించో పది వాక్యాలు రాయాలి. ఎక్కడెక్కడ తిరిగారో లిస్టు వద్దు, రేటింగ్ వద్దు. ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు, అంతే. దాని పక్కనే వచ్చే నెల ఊళ్ళో జరిగే ఉచిత కార్యక్రమాల పట్టిక ఒకటి వేద్దాం. దాన్ని హాస్టళ్ళ నోటీసు బోర్డుల మీద కూడా అంటిద్దాం. వార్డెన్లు కూడా చదువుతారు.

మొదటి పది వాక్యాలు మౌలాలి గుట్ట గురించి ఎవరైనా రాస్తే బాగుంటుంది. పొద్దున్నే ఎక్కండి, ఎండెక్కాక ఆ రాయి కాల్తుంది. నీళ్ళ బాటిల్ మర్చిపోకండి.